గుంటలో బావ, గట్టు మీద బావమరిది

విర్రబీన్,
జూన్ 6

మహారాజశ్రీ క్లారీ నోస్కీ బావగారి సముఖానికి, తమ వంటింటి కిటికీలోంచి కనిపించే ఇంట్లో ఉండే బేసిల్ ట్రెవిన్ రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం మావిస్ అక్క నేనడక్కపోయినా రోజూ చెబుతూనే ఉంది, అంచేత అడగడం లేదు.

మూడేళ్ళుగా మీతో మాట్లాడనివాణ్ణి ఇప్పుడు కాగితం ఎందుకు ఖరాబు చేస్తున్నానంటే, పని పడింది. మన తుపాకి రేంజి స్థలం కొన్న కొత్త ఆసామి కౌలు పొడిగించనన్నాడు. సెప్టెంబరులో జరిగే జిల్లా పందెం ఇక్కడ ఆఖరుది. ఆ తర్వాత మనం పడుకుని గురిచూసిన గట్టు మీద గొర్రెలు పడుకుంటాయి. క్లబ్బులో మిగిలింది ఎటూ మనిద్దరమే. హాల్లో గోడకున్న పేర్ల చెక్క మీద మీ పేరు తొమ్మిదిసార్లుంది. మా నాన్నది రెండుసార్లు. నలభై ఏళ్ళు ఆ చెక్క కిందే కూచుని టీ తాగిన నా పేరు ఒక్కసారి కూడా లేదు. అడుగున ఒక్క వరస ఖాళీ ఉంది. అందులో నేనుండాలి. డెబ్భై రెండేళ్ళొచ్చాయి, ఇంకేదీ అక్కర్లేదు నాకు.

మా నాన్న రోజుల్లో ఈ తిప్పలు లేవు. యుద్ధంలో మిగిలిన తూటాలు పెట్టెలకొద్దీ వచ్చేవి. పందెం రోజు అందరికీ ఒకే పెట్టెలోంచి పంచేవాళ్ళు. గెలిస్తే మన గొప్ప, ఓడితే తూటా తప్పు. మగాడికి ఇంతకన్నా సుఖమేముంది? ఇప్పుడు ఎవడి తూటా వాడే వండుకుంటున్నాడు. తుపాకిమందు తూచేది మనమే, గుండు కూర్చేది మనమే. ఓడితే తిట్టుకోవడానికి ఇంట్లో అద్దం తప్ప ఏమీ మిగల్లేదు.

సరే, విషయం. మూడు రకాలు వండాను. మందు ఒకటే, పాళ్ళు వేరు, తూటాలో గుండు దిగిన లోతు వేరు. మూడు వెన్న డబ్బాల్లో పెట్టాను: ఎర్రమూత, నీలమూత, పసుపుమూత. నీలమూతవి దాదాపు మీరు ఇరవై ఏళ్ళుగా కాలుస్తున్న పాళ్ళే. మంచిదేదైనా శత్రువు దగ్గర్నుంచైనా నేర్చుకోమన్నారు. ఒక్కో రకం ఐదేసి కాలుస్తాను. ఎనిమిది వందల గజాల అవతల ఏ ఐదు ఒక్కచోట మూగాయో, ఏవి చెదిరాయో, గురిబోర్డు కిందికి దించి కొలిచి చెప్పే మనిషి బోర్డు అడుగునున్న గుంటలో కావాలి. వాగు మీదున్నది నడక పలకే, కారు పోదు. నా మోకాలు అంతదూరం రానంటోంది. దుర్భిణి పెడితే ఎండమావి తప్ప చిల్లు కనబడదు. భుజం పాడై ఈసారి మీరు పందెంలో లేరని అక్క చెప్పింది. విచారం.

మూడేళ్ళ కిందట పందెంలో, మీ వంతు అయ్యాక నా బోర్డు దగ్గరున్నది మీరే. నా ఆఖరి గుండు నడిమి వలయం గీత తాకింది. గీత తాకితే ఐదు. గుండు ఎక్కడ తగిలిందో గట్టు మీదవాళ్ళకి చూపే బిళ్ళని మీరు తీసుకెళ్ళి నాలుగులో పెట్టారు. నేను అభ్యంతరం చెప్పేలోగా చిల్లు మీద కాగితం అతికించేశారు. ఒక్క పాయింటుతో పందెం మీ ఇంటికి పోయింది. నేనది మరిచిపోలేదు. మరిచిపోయినట్టు నటించను కూడా. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ఈ ఊళ్ళో బోర్డు ఎత్తడం దించడం తెలిసిన రెండో మనిషి మీరొక్కరే.

ఇట్లు,
తమ నాలుగు పాయింట్ల బావమరిది,
బేసిల్

తా.క. దీంతోపాటు ఖాళీ కేకు డబ్బా వస్తుంది. కేకు చాలా బాగుంది. ఈ వాక్యం అక్కకి. మీరు చదివినా మీది కాదు.


జూన్ 8

బేసిల్‌కి,

నీ ఉత్తరం వీధి దాటడానికి నిమిషం పట్టింది. మీ నాన్నగారి కథ దాటడానికి అరగంట.

వస్తాను. కానీ గుంటకీ గట్టుకీ మధ్యనున్న రేంజి ఫోనులో మాట్లాడను. ఒకసారి మోగిస్తే బోర్డు ఎత్తానని. రెండుసార్లయితే దించానని. మూడుసార్లయితే భోజనానికి పోతున్నానని. వరస ఎర్ర, నీలం, పసుపు. మార్చకు.

నీ గుండు గీత తాకలేదు. వెంట్రుకవాసి బయట ఉంది. వెంట్రుకవాసి బయట ఉన్నదాన్ని బయట ఉందనే అంటారు.

క్లారీ

తా.క. నా పాళ్ళు నన్నడిగితే నేనే ఇచ్చేవాణ్ణి. దొంగిలించావు కాబట్టి ‘దాదాపు’ దగ్గరే ఆగిపోయాయి.

ఇంకో తా.క., మావిస్ రాస్తున్నది: తమ్ముడూ, ఇద్దరివీ మోస్తున్నాను కాబట్టి ఇద్దరివీ చదువుతున్నాను. టపా మనిషికైతే సర్కారు జీతమిస్తుంది. మీరు కనీసం చేతిరాతైనా బాగుచేసుకోండి.


జూన్ 21

బావగారికి,

ఈ జూన్ చలికాలంలో పొద్దున్నే గడ్డి మీద మంచు కరగకముందే వచ్చి బోర్డు ఎత్తినందుకు కృతజ్ఞతలు. ఇది మర్యాద. మర్యాద అయిపోయింది.

మీ చీటీ చూశాను. చిల్లులు చెదిరిన మేర ఎర్ర పద్నాలుగంగుళాలు, నీలం ఎనిమిది, పసుపు రెండడుగులు, అదీ నిలువునా నిచ్చెనలాగ. అంటే అన్నిట్లోకీ గొప్పది మీ పాళ్ళే అన్నమాట! ఎంత ఆశ్చర్యం!

నేను ఉన్ని కత్తిరింపు షెడ్లలో తిరిగే రోజుల్లో వాలీ అని ఒక వంటవాడుండేవాడు. ఒక క్రిస్మస్‌కి పులుసు పోటీ పెట్టి, తీర్పు చెప్పమని వాణ్ణే కూచోబెట్టాం. వాడి పులుసుకే బహుమతి ఇచ్చాడు. “మిగతావాళ్ళవి రుచి చూశావా?” అని అడిగితే, “ఎందుకు? నాది చూశాగా” అన్నాడు. వాలీ పోయి చాలా ఏళ్ళయింది. గుంటలో కూచుని ఉంటాడని అనుకోలేదు.

చిల్లులకు నకలు తీసి పంపండి. అంకెలొద్దు, చిల్లులు కావాలి.

ఇట్లు,
బేసిల్

తా.క. మీరు భోజనానికి మూడుసార్లు మోగించింది పదిన్నరకి. మీ జర్మన్ వాళ్ళు ఎన్నింటికి తింటారో నాకు తెలీదు, అడిగానంతే.


జూన్ 24

బేసిల్‌కి,

మీ అక్క కేకు కింద పరిచే కాగితం బోర్డు మీద పెట్టి చిల్లులన్నీ గీశాను. మూడు కాగితాలు. కొలుచుకో. నీలం ఎనిమిదే వస్తుంది, నువ్వు కొలిచినా, పాస్టరుగారు కొలిచినా.

నా పాళ్ళు గొప్పవని నేను అబద్ధమాడక్కర్లేదు. తొమ్మిదిసార్లు చెక్కే చెప్పింది.

క్లారీ

తా.క. పదిన్నరకి తినేది భోజనం కాదు. నీ కథలు చదివి వచ్చిన నీరసానికి మందు.

మావిస్: ఆ కాగితాలు నాకు తిరిగి పంపు. ఆదివారం కేకులో చిల్లులు పడినా పర్వాలేదు.


జూలై 19

బావా!

దొరికావు!

పోయిన ఆదివారం రెండో పరీక్షలో నేనొక పని చేశాను. ఎర్రమూత డబ్బాలోనూ నీలమూత డబ్బాలోనూ ఒక్కటే రకం పెట్టాను. రెండూ నీలానివే. ఒకే పూట కూర్చున్నవి, ఒకే తక్కెడ మీద తూచినవి, ఒకే సీసాలోని మందు. కవల పిల్లలకన్నా దగ్గర. ఇప్పుడు నీ చీటీ చూద్దాం. నీలం ఏడంగుళాలు. ఎర్ర పన్నెండు! మూత రంగు చూసి మార్కులేశావా? మీ ఇంటి రంగు పూసుకొస్తే ఏడు, పరాయి రంగైతే పన్నెండూనా? ఆ కేకు కాగితాల మీద చిల్లులు చూసినప్పుడే అనుకున్నాను, ఇంత గుండ్రంగా ఉన్నాయేమిటని. చిల్లర నాణెం పెట్టి గీసినట్టున్నాయి.

చెక్క మీద నీ తొమ్మిది పేర్ల కింద నా పేరు ఒక్కటి పడితే నీకేం పోతుంది? అడుగున పడతాను, నీ కాళ్ళ దగ్గర. అదీ ఓర్చుకోలేవా?

విను. ఇవాళ్టినుంచి నువ్వేది రాస్తే దానికి తిరగేసి చేస్తాను. వాన పడదంటే గొడుగేసుకుంటాను. పాము లేదంటే కర్ర తెచ్చుకుంటాను. ఫలానా మూత మంచిదంటే దాన్ని వాగులో పారేస్తాను. మా అమ్మ సమాధి మీద ఒట్టు. ట్రెవిన్‌లు మొండివాళ్ళేగానీ మాట తప్పేవాళ్ళు కారని నీకూ తెలుసు, మా అక్కని చేసుకున్నావు కాబట్టి.

ఆగస్టులో ఆఖరి పరీక్ష ఉంది. దానికి రా. నిన్ను నమ్మి కాదు. అబద్ధాలకోరైనా సరే, బోర్డు ఎత్తడానికి మనిషి కావాలి.

బేసిల్

తా.క. కోపంలో ‘నువ్వు’ అనేశాను. వెనక్కి తీసుకోను.


జూలై 20

బేసిల్,

నలభై ఏళ్ళుగా తూటాలు వండుతున్నావు, ఇంకా ఇంతే తెలుసా? ఒకే రకం తూటాలు ఐదు కాల్చి, మళ్ళీ ఐదు కాలిస్తే, రెండుసార్లూ ఒకేలా మూగవు. ఒకే కోడి పెట్టిన గుడ్లు కూడా ఒకే సైజులో ఉండవు. ఐదు గుండ్లు చూసి తూటా గుణం తేల్చడమంటే, పెళ్ళిలో ఐదుగురు అత్తల్ని చూసి ఊరి గుణం తేల్చినట్టు. ఏడూ నిజమే, పన్నెండూ నిజమే. నువ్వు నాకు ఉచ్చు పన్ని, నీ కాలే అందులో పెట్టి, దొరికావని నన్ను చూసి అరుస్తున్నావు.

ఆగస్టుకి వస్తాను.

క్లారీ

మావిస్: ఇద్దరిలో ఎవరు ముందు పోతే రెండోవాడు ఎవరితో పోట్లాడతాడా అని ఆలోచిస్తుంటాను. నేనే ముందు పోతానేమో, ఉత్తరాలు మోయలేక.


ఆగస్టు 16

బేసిల్‌కి,

మూడో పరీక్ష అయింది. పసుపు ఆరంగుళాలు. ఎర్ర పదమూడు. నీలం పద్దెనిమిది. మొదటి రెండుసార్లూ నేనే వరస తారుమారుగా రాసుకున్నట్టున్నాను. వయసు. నా పాళ్ళు నీ రైఫిలుకి పడవు. పసుపుమూత కాల్చు.

ఇక రాసేదేమీ లేదు.

క్లారీ

మావిస్: ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఈయనకి ఈ చలిలో చెమటలు పట్టాయి. జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూశాను. లేదు.


సెప్టెంబరు 13

బావా,

ఈసారి ‘బావా’ అన్నది కోపంతో కాదు. ఎలా మొదలెట్టాలో తెలీక.

నిన్న జరిగింది నీకు తెలుసు, నా బోర్డు దగ్గర బిళ్ళలు పెట్టింది నువ్వే. కానీ గట్టు మీద జరిగింది నీకు తెలీదు.

శుక్రవారం సాయంత్రం నేను రైఫిలు తుడుచుకుంటుంటే అక్క వచ్చింది. ఆవముద్ద పూసిన చల్లటి మాంసం తెచ్చింది. దారిలో మ్యాగ్‌పై అనే కాకిలాంటి పిట్ట ఒకటి గూడు దగ్గర ఆవిడ టోపీ మీద రెండుసార్లు తన్నిందట, ఆ కోపం మీదే ఉంది.

“ఏ డబ్బా పట్టుకెళ్తున్నావురా రేపు?” అంది.

“నీలం.”

“ఆయన పసుపని రాశారుగా?”

“అందుకే నీలం. ఒట్టేశాను.”

“అమ్మ సమాధిలో ఉంది, ఆవిడకి తూటాలతో పనిలేదు. ఒరేయ్, నా మొగుడు మొరటోడు. పిసినారి. గురక పెడితే పక్కింటి కుక్క లేచి మొరుగుతుంది. నలభై ఏడేళ్ళుగా నా కేకు ఎండిపోతే ఎండిపోయిందనే మొహం మీద చెబుతున్నాడు. అబద్ధమొక్కటే చేతకాదురా ఆయనకి. తన పాళ్ళు పనికిరావని తన చేత్తో తనే రాశాడు చూడు, ఆ కాగితం మీద ఎంత చచ్చి ఉంటాడో ఆలోచించు. గొప్పలు చెప్పుకునేవాడు రాసే మాటేనా అది?”

ఆలోచించాను. నిజమే అనిపించింది. ఎవడైనా తన పులుసు బాగుందని అబద్ధమాడతాడుగానీ బాగులేదని అబద్ధమాడతాడా? జూలైలో నేను రాసినదంతా తలుచుకుంటే సిగ్గేసింది. ఒట్టు తీసి గట్టున పెట్టాను. మూడేళ్ళలో మొదటిసారి నిన్ను నమ్మి, నీలమూత పక్కకి నెట్టి, పసుపుమూత సంచిలో పెట్టుకున్నాను.

నిన్న గాలి లేదు. ఆవపూల చేలన్నీ కదలకుండా నిలబడ్డాయి, నా కోసమే అన్నట్టు. మొదటిది ఐదు. రెండోది పైన నాలుగు. మూడోది కింద నాలుగు. ఊపిరి బిగబట్టి చూశాను, వదిలి చూశాను. ఆరోది కింద మూడు! పదీ అయ్యేసరికి నా పేరు ఎవరూ చదవనంత కిందకి పోయింది.

మంచి తూటా, మంచి రైఫిలు, గాలి లేని రోజు. ఇంక తప్పు పెట్టడానికి మిగిలింది నేనొక్కణ్ణే. చేతులు పోయాయి బావా. ఒప్పుకోవడానికి రాత్రంతా పట్టింది, ఒప్పుకున్నాను. రైఫిలు అమ్మేస్తున్నాను. పక్క ఊరి నుంచొచ్చి గెలిచిన పశువుల డాక్టరమ్మ వచ్చే ఆదివారం చూడ్డానికి వస్తానంది. తీసుకెళ్ళనీ. గోడకి వేలాడుతుంటే రోజూ నన్నే చూస్తున్నట్టుంటుంది.

ఇంకొకటి. మూడేళ్ళ కిందటి ఆ గుండు నాలుగే అయ్యుంటుంది. అయ్యుంటుంది కాదు. నాలుగే. ఈ వాక్యం దగ్గర రెండు కప్పుల టీ చల్లారిపోయాయి. తప్పు నాది. మన్నించు.

ఇట్లు,
నీ బావమరిది,
బేసిల్

తా.క. బహుమతి ఇచ్చాక డాక్టరమ్మని అడిగాను, “ఏం మందు వాడావమ్మా, ఎన్ని పాళ్ళు?” అని. “తెలీదు తాతా, శుక్రవారం కొట్లో కొన్నాను. పెట్టె మీద రాసుంటుందేమో, కార్లో ఉంది” అంది. మా నాన్న సమాధిలో నవ్వి ఉంటాడు.


సెప్టెంబరు 14

బేసిల్,

రైఫిలు అమ్మకు. ముందు ఆ మాట. కారణం తర్వాత.

పసుపుమూత మంచిది కాదు. మూడు పరీక్షల్లోనూ అన్నిట్లోకీ చెడ్డది అదే. ఆగస్టులో ఇరవై ఆరంగుళాలొచ్చింది, నిలువునా. నీలం ఏడు. నేను నీకు తలకిందులుగా రాశాను.

ఎందుకంటే నువ్వు తిరగేసి చేస్తానని ఒట్టేశావు. నిజం రాస్తే నువ్వు నీలాన్ని వాగులో పారేస్తావు. పసుపు గొప్పదని రాస్తే నీలం కాలుస్తావు, గెలుస్తావు, ఆ చెక్క మీద నా కాళ్ళ దగ్గర కూచుని జీవితాంతం నన్ను అబద్ధాలకోరని తిట్టుకుంటావు. తిట్టుకో, చెక్క మీద ఉంటావు కదా అనుకున్నాను. నీ మొండితనాన్ని నమ్మి బతుకులో మొదటి అబద్ధం ఆడాను. నువ్వు సరిగ్గా ఆ ఒక్కరోజే మొండితనం మానేశావు.

గుంటలో నాకు మూడో గుండుకే తెలిసిపోయింది. పైకీ కిందకీ, నిచ్చెనలాగ. ఇవి నీలానివి కావు. ఆరోది కింద పడినప్పుడు బోర్డు దించి బిళ్ళ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నాలుగు గీత ఒక్క జానెడు పైన ఉంది. గుంటలో నా పక్కన ఎవరూ లేరు. జానెడు పైకి జరిపితే ఎవరు చూడొచ్చారు? ఐదోదాన్నీ తొమ్మిదోదాన్నీ కూడా జరపొచ్చు. నీ రాత జరిగిపోయేది. కాగితం మీద అబద్ధమాడిన చెయ్యి బోర్డు మీద ఆడనంది. మూడుని మూడులోనే పెట్టాను. ఆ చెక్క మీంచి నీ పేరు రెండుసార్లు తుడిచింది నేనే బేసిల్. మొదటిసారి నిజం చెప్పి, రెండోసారి నీ మేలు కోరి.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. నిజం చెప్పినందుకు మూడేళ్ళు మాట్లాడలేదు నువ్వు. అబద్ధం చెప్పినందుకు మన్నించమని అడుగుతున్నావు. నేను నోరు మూసుకుంటే ఆదివారం మా బల్ల దగ్గర కూచుని వేపిన గొర్రెమాంసం తింటావు, ‘బావా’ అంటావు. మూడేళ్ళుగా నాకు కావలసింది అదే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కానీ అవతల నువ్వు చేతులు పోయాయనుకుంటూ బతుకుతావు.

అందుకని విను. నీ పది చిల్లులూ అతికించేముందు ఒక్కొక్కటే కొలిచాను. పైకీ కిందకీ చెదిరినది మందు చేసిన పని. చేతులు చేసే తప్పు పక్కలకి కనబడుతుంది. పక్కలకి అన్నీ కలిపి నాలుగంగుళాలు. నేను గెలిచిన తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా అంత సన్నగా కాల్చలేదు. మీ నాన్న కూడా కాల్చి ఉండడు. నీలమూత పట్టుకెళ్ళి ఉంటే నువ్వే గెలిచేవాడివి, ఆ డాక్టరమ్మ పెట్టె వెతుక్కోవడానికి కారు దగ్గరకి కూడా పోనక్కర్లేకపోయేది.

చేతులు బాగానే ఉన్నాయి. కాల్చడానికి చోటే లేదు. ఆ ఆసామి కంచె రాళ్ళు అప్పుడే దింపించాడు.

నన్ను తిట్టు. నీకు అలవాటున్న పనే.

ఇట్లు,
అబద్ధం ఆడటం సరిగ్గా చేతకాని
క్లారీ

మావిస్: తమ్ముడూ, ఆయన్ని నమ్మమని నీ బుర్ర తిన్నది నేను. నాకేమీ తెలీదురా. ఒక్కముక్క చెప్పి ఉంటే మ్యాగ్‌పైతో తన్నించుకుంటూ వీధి దాటేదాన్నే కాదు. ఈ ఉత్తరం మాత్రం నేను మోయనన్నాను, ఆయన్నే తెమ్మన్నాను. కాబట్టి దీన్ని తలుపు సందులోంచి లోపలికి తోసింది ఆయనే. ఇంకా బయటే నిలబడి ఉంటాడు, ఎంతసేపైనా. తలుపు తియ్యాలా వద్దా అని నన్నడక్కు. ఈసారి నేనేమీ చెప్పను.